మూడు లిపుల నగరంలో రేపటి వెబ్ డిజైన్

ఏడాది చివర్లో "వచ్చే ఏడు వెబ్ డిజైన్ ఇలా ఉండబోతోంది" అనే జాబితాలు వరసకడతాయి. ఇప్పుడు వాటిలో ముందు వినబడేది గాజు. 2025 జూన్‌లో యాపిల్ లిక్విడ్ గ్లాస్ పేరుతో తన ఫోన్లు, కంప్యూటర్ల తెరలకు పారదర్శకమైన పొరలు తొడిగింది. ఆ ఛాయలు వెబ్‌సైట్లలోకీ దిగుతున్నాయి. 2013లో ఐఓఎస్ 7తో నీడలూ మెరుపులూ తీసేసి తెరను చదును చేసింది కూడా ఆ కంపెనీయే. మరుసటి ఏడాది గూగుల్ మెటీరియల్ డిజైన్‌తో నీడలను ఇంకో రూపంలో వెనక్కి తెచ్చింది. రూపం విషయంలో గాలి ఇలా మళ్లుతూనే ఉంటుంది. కొత్త రూపం చూడముచ్చటగా ఉంటుంది, సైటు పాతబడినట్టు అనిపించకుండా కాపాడుతుంది. అయితే ఏదో పని మీద ఆ పేజీకి వచ్చిన మనిషికి దానివల్ల ఒరిగేది తక్కువ.

పెద్ద మార్పు కంటికి అంతగా ఆనని చోట జరుగుతోంది. గత పదిహేనేళ్లుగా వెబ్ డిజైన్ తన శక్తిలో ఎక్కువ భాగాన్ని తెర కొలతలకు సరిపోవడం మీద ఖర్చుపెట్టింది. ఇకమీదట చదివే మనిషికి సరిపోవడం దాని ప్రధాన పని కాబోతోంది. ఆ మనిషి భాష, చూపు, చేతిలోని ఫోన్, ఒప్పుకోవడానికీ వద్దనడానికీ అతనికున్న హక్కు, ఇవన్నీ డిజైన్ లెక్కలోకి వస్తున్నాయి. కావలసిన సాధనాలు బ్రౌజర్లలో ఇప్పటికే ఉన్నాయి. చట్టాలు వెనకనుంచి తోస్తున్నాయి. ఈ మార్పును దగ్గరగా చూడటానికి హైదరాబాద్ తగిన చోటు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న నాటినుంచి ఈ నగరం ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిపెడుతోంది. తన ఇంట్లో మాత్రం తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడు లిపులతో బతుకుతోంది. మాదాపూర్‌లో గీసిన పేజీ పాతబస్తీలోని మామూలు ఫోన్‌లో చక్కగా చదవడానికి వీలవుతుందా అన్నదే రాబోయే డిజైన్‌కు గట్టి పరీక్ష.

అక్షరం దగ్గర మొదలు

ప్రపంచ లిపులన్నిటికీ కంప్యూటర్ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో పాటు 2001లో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా తెలుగు పత్రికల సైట్లు చాలాకాలం ఎవరి ఫాంటు వారిదిగానే నడిచాయి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చిన ఆ ఫాంట్లు కంప్యూటర్‌లో లేకపోతే పేజీ నిండా అర్థంలేని గుర్తులు కనబడేవి. ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్‌ను తొలితరం తెలుగు నెటిజన్లు మరిచిపోయి ఉండరు. ఆ దశ దాటిపోయింది. ఇవాళ గూగుల్ ఫాంట్స్‌లో మండలి, మల్లన్న, రామభద్ర, సూరన్న, తిమ్మన వంటి ఉచిత తెలుగు ఫాంట్లు దొరుకుతున్నాయి. 2022లో వచ్చిన అనేక్ తెలుగు వంటి వేరియబుల్ ఫాంట్లలో ఒకే ఫైలు నుంచి అక్షరం మందాన్నీ వెడల్పునూ కావలసినంత మార్చుకోవచ్చు. ఇప్పుడు కొరత ఫాంట్లకు లేదు. ఆ ఫాంటు చుట్టూ ఉండాల్సిన ఆలోచనకు ఉంది.

చాలా తెలుగు పేజీలు ముందు ఇంగ్లిష్‌లోనే పుడతాయి. డిజైనర్ ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇంగ్లిష్ మాటలతో పేజీ గీస్తాడు, క్లయింట్ ఒప్పుకుంటాడు, కోడ్ రాస్తారు, చివరి వారంలో ఎవరో తెలుగు అనువాదం తెచ్చి అందులో పోస్తారు. చిక్కులన్నీ అక్కడే బయటపడతాయి. ఇంగ్లిష్ శీర్షికకు వరుస ఎత్తు అక్షరం కొలతకు 1.2 రెట్లు ఉంటే సరిపోతుంది. తెలుగులో గుడులూ ఏత్వాలూ పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. "రాష్ట్రం", "స్త్రీ" వంటి మాటల్లో ఒకటికి రెండు ఒత్తులు దిగుతాయి. అదే 1.2లో తెలుగు పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. బటన్‌కో కార్డుకో స్థిరమైన ఎత్తు ఇచ్చి, మిగిలింది కనబడకుండా చేస్తే ఒత్తులు తెగిపోతాయి. అప్పుడు "కట్టు" చూపుకు "కటు"గా మారుతుంది. తెలుగు పాఠానికి 1.6, 1.7 రెట్ల ఎత్తు ఇవ్వడం విలాసమేమీ కాదు, చదవడానికి కనీస అవసరం. వరుస ఎత్తునే కొలమానంగా తీసుకుని మిగతా ఖాళీలను లెక్కగట్టే ప్రమాణం, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ భాషలో, 2023 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చింది. దీన్ని వాడితే లిపి మారినప్పుడు పేజీ మొత్తం దానంతటదే సర్దుకుంటుంది.

మాట పొడవు ఇంకో సంగతి. ఇంగ్లిష్‌లో ఒక్క చిన్న మాటతో ముగిసే బటన్ మీద తెలుగులో "దరఖాస్తు సమర్పించండి" అని రాయాల్సివస్తుంది. ప్రత్యయాలన్నీ మాటకే అతుక్కునే భాషలో పొడవైన పదం సహజం. వెడల్పు ముందే బిగించిన బటన్లో అది రెండుగా విరుగుతుంది, లేదా చివర మూడు చుక్కలుగా మిగిలిపోతుంది.

ఆ చుక్కల వెనక మరింత లోతైన తప్పు దాగి ఉంది. శీర్షికను ఇన్ని అక్షరాల దగ్గర కత్తిరించమని ప్రోగ్రామర్ చెప్పినప్పుడు కంప్యూటర్ లెక్కపెట్టేది మనం అనుకునే అక్షరాలను కాదు. "స్త్రీ" మన కంటికి ఒకటే అక్షరం. యూనికోడ్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం కలిసి ఆరు సంకేతాలు. మధ్యలో కత్తెర పడితే వేలాడే పొల్లు మిగులుతుంది. వార్తా యాప్‌ల నోటిఫికేషన్లలో చివరి మాట విరిగి కనబడటానికి ఇది ఒక ముఖ్య కారణం. దీనికి మందు దొరికింది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 సంయుక్తాక్షరాలను విడగొట్టకుండా ఒక్క గుచ్ఛంగా చూడాలనే నియమాన్ని తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు చేర్చింది. ఆ గుచ్ఛాలను లెక్కపెట్టే Intl.Segmenter అనే జావాస్క్రిప్ట్ సదుపాయం 2024 ఏప్రిల్ నాటికి ప్రధాన బ్రౌజర్లన్నిటికీ చేరింది. రెండు మూడు వరుసల కోడ్ మారిస్తే తీరే బాధ ఇది. తెలుగు చదవగలిగిన ఇంజనీర్లు వేలల్లో ఉన్న ఈ నగరంలో ఇంకా తీరకపోవడమే విచారం.

బరువు సంగతీ చూడాలి. యూనికోడ్‌ను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒకటి చాలు. పేజీలోని పాఠం వరకు ఇది పెద్ద భారం కాదు, కంప్రెషన్‌లో చాలావరకు కరిగిపోతుంది. భారం ఫాంటు ఫైలుది. గుణింతాలకూ ఒత్తులకూ కలిపి అందులో వందల ఆకారాలు ఉండాలి. ఆ ఫైలు దిగేలోపు ఫోన్‌లోని మామూలు ఫాంటుతో పేజీ కనబడుతుంది. అసలు ఫాంటు రాగానే వరుసలన్నీ కిందికి జారతాయి, నొక్కబోయిన బటన్ వేలికింద నుంచి తప్పుకుంటుంది. ఈ జారుడును గూగుల్, పేజీ నాణ్యతను కొలిచే తన కోర్ వెబ్ వైటల్స్‌లో ఒక కొలతగా పెట్టింది. అది 0.1కి మించకపోతేనే మంచి పేజీ. తాత్కాలిక ఫాంటు కొలతను అసలు ఫాంటుకు దగ్గరగా సవరించే సీఎస్ఎస్ సదుపాయం ఉంది. తెలుగు సైట్లు దాన్ని అరుదుగా వాడుతున్నాయి.

కుడి నుంచి ఎడమకు

2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా ఆమోదించింది. హైదరాబాద్ వీధి బోర్డులు ఎప్పటినుంచో మూడు లిపులను పక్కపక్కనే మోస్తున్నాయి. వెబ్ పేజీకి వచ్చేసరికి మూడోది తడబడుతుంది. ఉర్దూ కుడినుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి మెనూ, బాణం గుర్తులు, జాబితా చుక్కలు, ఫారంలో గడుల వరుస అన్నీ దిక్కు మార్చుకోవాలి. పాత పద్ధతిలో ప్రతి ఖాళీనీ "ఎడమ ఇంత, కుడి ఇంత" అని రాసేవారు. అందువల్ల ఉర్దూ కోసం స్టైల్ షీటు మొత్తం తిరగరాయాల్సి వచ్చేది. ఇప్పుడున్న లాజికల్ ప్రాపర్టీలు ఎడమ, కుడి అనకుండా "వాక్యం మొదలయ్యే వైపు, ముగిసే వైపు" అని చెప్పనిస్తాయి. రాత దిక్కు మారిందని బ్రౌజర్‌కు చెబితే చాలు, పేజీ తనే తిరుగుతుంది. కొన్నేళ్లుగా అన్ని బ్రౌజర్లలో పనిచేస్తున్న సదుపాయమిది. హైదరాబాద్‌లో కొత్తగా మొదలయ్యే ఏ పౌరసేవల సైటుకూ దీన్ని వదిలేయడానికి ఇప్పుడు సాకు లేదు.

ఉర్దూ పాఠకులకు అలవాటైన నస్తాలీఖ్ రాత పైనుంచి కిందికి ఏటవాలుగా దిగుతుంది. ఆ లెక్కన నిలువు చోటు విషయంలో తెలుగు, ఉర్దూ రెండింటి అవసరమూ ఒకటే. ఇంగ్లిష్‌కు సరిపడా ఇరుకుగా గీసిన పేజీ రెండింటినీ నొక్కేస్తుంది. తెలుగుకు సరిగ్గా గీసినది ఉర్దూకు సగం దారి వేసినట్టే.

బ్రౌజర్ నేర్చుకున్న పనులు

2010 మేలో డిజైనర్ ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అనే పేరు పెట్టి రాసిన వ్యాసం తర్వాత, ఒకే పేజీ ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ సర్దుకోవడం ప్రమాణమైంది. అయితే ఆ పద్ధతి చూసేది మొత్తం తెర వెడల్పును. పేజీలోని ఒక కార్డు పక్క వరుసలో ఇరుకున ఉందా, నడిమధ్య విశాలంగా ఉందా అన్నది దానికి తెలియదు. 2023 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ కూడా చేరడంతో ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ అందుబాటులోకి వచ్చిన కంటైనర్ క్వెరీలు ఆ లోటు తీర్చాయి. ప్రతి ముక్కా తనకు దొరికిన చోటును బట్టి రూపం మార్చుకుంటుంది. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి మెల్లగా మారే దృశ్యాలు, పైన తేలే చిన్న కిటికీలు, స్క్రోల్‌తో పాటు కదిలే బొమ్మలు, వీటికి ఒకప్పుడు బరువైన జావాస్క్రిప్ట్ లైబ్రరీలు కావాలి. ఇప్పుడు వీటిలో ఎక్కువ భాగం బ్రౌజర్‌లోనే పుట్టుకతో ఉన్నాయి.

ఇది తక్కువ ధర ఫోన్‌కు మేలు. 2024 మార్చి 12 నుంచి గూగుల్ మరో కొలతను లెక్కలోకి తెచ్చింది. వేలితో నొక్కిన తర్వాత తెర స్పందించడానికి 200 మిల్లీసెకన్లకు మించకూడదన్నది దాని గీత. గచ్చిబౌలి ఆఫీసులోని ల్యాప్‌టాప్‌లో చాలా పేజీలు ఆ గీత దాటవు. మూడేళ్లు వాడిన చౌక ఆండ్రాయిడ్‌లో జావాస్క్రిప్ట్ మోత ఉన్న పేజీ తేలిగ్గా దాటేస్తుంది. అందుకే రాబోయే కాలంలో మంచి డిజైనర్ ఏం చేర్చాడన్నదానికంటే బ్రౌజర్‌కు ఏ పని అప్పగించి తన కోడ్‌లో ఏం తీసేశాడన్నది ఎక్కువ చెల్లుతుంది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో చాలాచోట్ల హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లను గబగబా ముగించి రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలోకి దూకే అలవాటుంది. ఉద్యోగ ప్రకటనలు అలా ఉన్నాయి కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. కానీ విలువ పెరుగుతున్నది గబగబా దాటేస్తున్న ఆ పాఠాలకే.

గాజూ, చూపూ, చట్టమూ

గాజు తెర మీద అక్షరం వెనకున్న బొమ్మ మారిన కొద్దీ చదవడానికి వీలు తగ్గుతుంది. అందరికీ అందే వెబ్ కోసం ఉన్న డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం మామూలు పాఠానికీ వెనకున్న రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలి. 2023 అక్టోబరులో వచ్చిన ఈ ప్రమాణపు 2.2 రూపం, నొక్కాల్సిన గుర్తులు కనీసం 24 పిక్సెళ్ల చదరం ఉండాలని కూడా చేర్చింది. సన్నని ఒత్తులున్న తెలుగుకు ఈ రంగు తేడా ఇంకాస్త ఎక్కువే ఉండాలి. లేత బూడిద రంగు అక్షరాలు ఇంగ్లిష్‌లో నాజూగ్గా కనబడతాయేమో గానీ తెలుగులో ఒత్తు మాయమవుతుంది.

ఇది ఇక మర్యాదకు సంబంధించిన విషయంగా మిగలదు. యూరప్ అందుబాటు చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్ దుకాణాలు, బ్యాంకు సేవలు, ప్రయాణ టికెట్లు, ఈ-పుస్తకాలు దాని పరిధిలో ఉన్నాయి. యూరప్ క్లయింట్లకు పనిచేసే హైదరాబాద్ కంపెనీల ఒప్పందాల్లోకి ఆ నిబంధనలు దిగక తప్పదు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది, ఐఎస్ 17802 అనే జాతీయ ప్రమాణం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలను అందుకోగలగడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తీర్పునిచ్చింది. ఆ కేసుకు మూలం ఒక చిన్న డిజైన్ నిర్ణయం. ఖాతాదారు ఎవరో ఆన్‌లైన్‌లో నిర్ధారించుకునే ఈ-కేవైసీలో కెమెరా ముందు కళ్లు ఆర్పి చూపించమనే మెట్టు అది. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవాళ్లకూ, చూపు లేనివాళ్లకూ బ్యాంకు తలుపు అక్కడే మూసుకుపోయింది. ఆ తెర గీసినవారికి ఎవరినీ బయట ఉంచాలన్న ఉద్దేశం ఉండి ఉండదు. తమలాంటి వాడుకరినే ఊహించుకున్నారు, అంతే.

తెలుగు సైట్లలో చూపులేనివారికి అడ్డుపడే అలవాట్లలో అన్నిటికంటే చెడ్డది పాఠాన్ని బొమ్మగా పెట్టడం. ప్రకటన, నోటీసు, ఫీజుల పట్టిక అన్నీ పోస్టర్‌గా చేసి అతికిస్తారు. పక్కన వివరణ ఇవ్వకపోతే, తెర మీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందులో ఒక్క అక్షరం అందదు. పాఠంగా ఉన్నా, పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పకపోతే తెలుగును ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి విఫలమవుతుంది. అది ఒకే ఒక్క వరుస కోడ్.

యంత్రం గీసే పేజీ, యంత్రం చదివే పేజీ

2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కార్పతి వైబ్ కోడింగ్ అనే మాటను పుట్టించేనాటికే, కావలసింది మాటల్లో చెబితే పేజీ కట్టిచ్చే ఏఐ సాధనాలు డిజైనర్ల బల్లల మీదికి వచ్చేశాయి. వేగం నిజమే. అదే సమయంలో పెద్ద శీర్షిక, దాని కింద మూడు కార్డులు, ఊదారంగు ఛాయలు, ఎక్కడ చూసినా ఒకే పేజీ. ఇంతకంటే ముఖ్యమైన చిక్కు ఇంకొకటి ఉంది. వెబ్‌ఎయిమ్ సంస్థ 2025లో పది లక్షల ముఖపేజీలను పరీక్షిస్తే 94.8 శాతంలో అందుబాటు ప్రమాణాలను తప్పిన లోపాలు దొరికాయి. అన్నిటికంటే ఎక్కువ కనబడింది చాలినంత రంగు తేడా లేని పాఠం. ఏఐ నేర్చుకున్నది ఇలాంటి వెబ్ నుంచే. అడగనిదే అది ఒత్తులకు చోటు ఇవ్వదు, భాష గుర్తు పెట్టదు. అడగడం తెలిసిన మనిషి విలువ అక్కడ పెరుగుతుంది.

పేజీని చదివేదీ యంత్రమే అవుతోంది. 2024 ఆగస్టులో గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూలు భారత్‌కు వచ్చాక, చాలా ప్రశ్నలకు జవాబు సైటు తెరవకుండానే దొరుకుతోంది. ఇక చిన్నచిన్న పనులు వాట్సాప్‌కు తరలుతున్నాయి. హైదరాబాద్ మెట్రో టికెట్ 2022 నుంచే అక్కడ దొరుకుతోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో మన మిత్రను 161 సేవలతో వాట్సాప్‌లోనే మొదలుపెట్టింది. అంటే వెబ్‌సైటుకు మిగిలేవి తీరిగ్గా చదివి, పోల్చి, నమ్మకం కుదిరాక నిర్ణయించుకునే పనులు. ఇల్లు కొనడం, కాలేజీ ఎంచుకోవడం, ఆస్పత్రిలో చికిత్స ఖర్చు తెలుసుకోవడం వంటివి. వాటికి సరైన శీర్షికలు, పట్టికలు, తేదీలు పాఠరూపంలో ఉండాలి. స్క్రీన్ రీడర్‌కు మేలుచేసే క్రమమే ఏఐకీ పనికొస్తుంది. చూపులేని పాఠకుడి కోసం పడ్డ శ్రమ ఇలా రెండోసారి ఫలిస్తుంది.

ఒప్పుకోలు తెర

కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు తెచ్చి, 13 రకాల మాయలను పేరుపెట్టి నిషేధించింది. లేని తొందర సృష్టించడం, అడగని వస్తువును బుట్టలో వేయడం, వద్దన్నవారు సిగ్గుపడేలా మాట రాయడం, చందాలోంచి బయటపడే దారి దాచడం వాటిలో కొన్ని. వీటిని ఎంతోకాలం అమ్మకాలు పెంచే నైపుణ్యంగా నేర్పారు. ఇప్పుడవి చట్టవిరుద్ధం.

దీనికంటే పెద్ద పని ముందుంది. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఉంది, అంటే 2027 మే వరకు. చట్టం ప్రకారం సమాచారం తీసుకునే ముందు ఇచ్చే నోటీసునూ ఒప్పుకోలు అభ్యర్థననూ ఇంగ్లిష్‌లో గానీ ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలుండాలి. తెలుగు, ఉర్దూ రెండూ అందులో ఉన్నాయి. ఒప్పుకోవడం ఎంత సులువో ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. ఒక్క నొక్కుతో తీసుకున్న అనుమతిని రద్దు చేయడానికి అయిదు పేజీలు తిప్పించే తెరలన్నీ మారాల్సిందే.

ఆసుపత్రుల అపాయింట్‌మెంట్ పేజీలు, కోచింగ్ సెంటర్ల ఫారాలు, గేటెడ్ కమ్యూనిటీల యాప్‌లు, అప్పులిచ్చే సంస్థల సైట్లు, అన్నిటికీ ఈ తెర కావాలి. వకీలు రాసిన ఇంగ్లిష్‌ను యంత్రంతో తెలుగు చేయించి అతికిస్తే చట్టం అడిగే స్పష్టత దక్కదు. "మీ ఫోన్ నంబరు ఎందుకు తీసుకుంటున్నాం, ఎవరికి ఇస్తాం, ఎన్నాళ్లు ఉంచుతాం" అని మూడు పొట్టి వాక్యాల్లో చెప్పగల తెలుగు రచయితా ఉర్దూ రచయితా డిజైన్ బృందంలో మొదటి రోజునుంచే ఉండాలి. చాలా బృందాల్లో ఆ కుర్చీ ఇంకా లేదు. క్లయింట్లు టెండర్లలో, పని ఒప్పందాల్లో ముందే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. తెలుగు, ఉర్దూ పాఠంతోనే తొలి నమూనా గీయాలి. చౌక ఫోన్‌లో, స్క్రీన్ రీడర్‌తో పరీక్షించి చూపాలి. "ఒప్పుకుంటున్నాను", "వద్దు" అనే రెండు బటన్లు మూడు లిపుల్లోనూ ఒకే కొలతలో, ఒకే స్పష్టతతో, మాట విరగకుండా ఉండాలి. 2027 మే లోపు ఈ పని పూర్తవ్వాలంటే ఆ నమూనాలు ఈపాటికే బల్లమీద ఉండాలి.